పాత పేరుతో సిగ్నల్

"అమ్మా, ఆ స్విచ్ ముట్టుకోకు!"

సుధ అరుపుకి సత్యలక్ష్మి చెయ్యి గోడ మీదే ఆగిపోయింది.

"ఫ్యాను వేద్దామనే."

"అది పక్కది. ఇది రూటర్‌ది. ఆపావంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"పొద్దుట్నుంచీ మొదట్లోనేగా ఉంది!"

నిజమే. హాల్లో చాప మీద, టీవీకి మూరెడు దూరంలో కూర్చుని ఉంది సుధ. తెర మీద ఉదయం ఎనిమిది నుంచి ఒకటే వాక్యం. ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. టీవీ కింద నల్లటి గేమ్ కన్సోల్, దాని నెత్తిన మినుకు మినుకుమంటున్న తెల్ల లైటు.

ఆ కన్సోల్ అన్నయ్యది. సాయిశ్రీనివాస్ ఇల్లు వదిలి వెళ్ళి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆ రోజు నుంచి ఫోన్ స్విచాఫ్.

సాయంత్రం ఐదింటికి అతను డైరెక్ట్ చేసిన మొదటి సినిమాకి టైటిల్స్ లాక్ చేస్తారు. ప్రొడ్యూసర్ రఘునందన్ నిన్న ఫోన్ చేసి మెత్తగానే చెప్పాడు. "ఐదుకల్లా మీ వాడు స్టూడియోలో నా ఎదురుగా నిలబడాలమ్మా. లేదంటే దర్శకత్వం కార్డు మీద ఇంకో పేరు పడుతుంది. తర్వాత నన్నేం అనొద్దు."

ఎవరి పేరు అని సుధ అడిగింది. అతను ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు టైం ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ.

"ఆ నిఖిల్ మాట నమ్మొచ్చంటావా?" సత్యలక్ష్మి చాప అంచున కూలబడింది.

"అన్నయ్యకి చిన్నప్పటి ఫ్రెండమ్మా. అబద్ధం ఎందుకు చెబుతాడు? మొన్న గేమ్‌లో అన్నయ్య పేరు పక్కన పచ్చ చుక్క కనిపించిందట. పలకరిస్తే పలకలేదట. అంటే ఎక్కడో ఎవరిదో కన్సోల్ మీద ఆడుతున్నాడు. ఇందులోంచి నేను మెసేజ్ పెడితే చూస్తాడు."

"ఫోన్ తీయనివాడు గేమ్ ఆడతాడా? సినిమా చేతిలోంచి పోతుంటే?"

"నాకూ అర్థం కావట్లేదు."

"నీ ఫోన్‌లోంచి పంపకూడదా మరి?"

"నా గేమ్ అకౌంటు ఈ డబ్బాలోనే తెరిచి ఉందమ్మా. కాలేజీ మెయిల్‌తో ఎప్పుడో పెట్టుకున్నా. ఆ మెయిలూ లేదు, పాస్‌వర్డూ గుర్తు లేదు. పొద్దున నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. కనెక్ట్ అయింది. అవ్వగానే అప్‌డేట్ చేస్తేగానీ లోపలికి రానివ్వనంది. ఆ అప్‌డేటే నా డేటా మొత్తం మింగేసింది. నీ ఫోన్‌లో డేటా ప్యాకే లేదు."

"ఇంట్లో వైఫై ఉండగా ఈ ఖర్మేంటే?"

"వైఫైకి నాన్న పేరు మార్చారుగా! పాస్‌వర్డ్ కూడా. నీ ఫోన్‌కీ నా ఫోన్‌కీ ఆయనే కొట్టి ఇచ్చారు. ఏం కొట్టారో మనకి చెప్పారా? పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తుంటే తీయరు."

సత్యలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. పదిరోజుల కింద సంఖ్యాశాస్త్రం చూసే ఆయన ఇంటికొచ్చి, గేటు మీది నేమ్‌ప్లేటు నుంచి వైఫై దాకా అన్నింటి అక్షరాలూ లెక్కగట్టి వెళ్ళాడు. అన్నీ తొమ్మిదికి రావాలట. శ్రీను ఇల్లు వదిలిన మర్నాడే అది జరిగింది. శ్రీను వెళ్ళిందీ ఆ తొమ్మిది గురించే. టైటిల్స్‌లో పేరుకి ఇంకో అక్షరం కలుపుకోమన్నాడు తండ్రి. కలుపుకోనన్నాడు కొడుకు. గంటసేపు కేకలు. ఆ తర్వాత బ్యాగు జిప్ లాగిన చప్పుడు.

కాలింగ్ బెల్ మోగింది.

*

"బ్రాడ్‌బ్యాండ్ నుంచి అమ్మా. తిరుమలేశ్."

ముప్పై ఏళ్ళుంటాయి. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. రహమత్ నగర్ నుంచి ఈ ఎత్తు మీదికి బండి ఎక్కించేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సత్యలక్ష్మి ఇచ్చిన మంచినీళ్ళు గటగటా తాగి, ఫోన్‌లో వైఫై పేర్లు చూసి నవ్వాడు.

"గిదేనా మీది? సత్యా నిలయమ్మా?"

"సత్యనిలయం," అంది సుధ. "చివర రెండు ఎమ్‌లు కలిపారు. మధ్యలో ఒక ఏ."

"ఎందుకు మేడం?"

"బలం కోసం."

"సిగ్నల్ బలమా?"

"కాదు."

తిరుమలేశ్ ఆమె మొహం చూసి ఇంక అడగలేదు. కన్సోల్ ముందు గొంతుక్కూర్చుని రిమోట్ అందుకున్నాడు. సెట్టింగ్స్ తెరిచాడు. కన్సోల్ ఇంకా పాత పేరునే వెతుకుతోంది. మామూలు సత్యనిలయం, ఎక్కువ అక్షరాలు లేనిది.

"ఇదే లొల్లి. పేరు మారిందని పాపం దీనికి ఎవ్వరు చెప్పలే. కొత్త పాస్‌వర్డ్ కొడితే ఒక్క నిమిషం పని. చెప్పుండ్రి."

"మాకు తెలీదు. నాన్నకే తెలుసు."

"కొత్తది పెట్టాల్నంటే ఓటీపీ గూడ సార్ ఫోన్‌కే పోతది."

"మీ ఫోన్ హాట్‌స్పాట్ ఓ రెండు నిమిషాలు ఇస్తారా?"

"ఇది ఆఫీస్ సిమ్ మేడం. హాట్‌స్పాట్ బంద్ వెట్టిన్రు. ఏమనుకోకుండ్రి."

"ఒంటిగంటన్నరకి భోజనానికి వస్తారయ్యా," అంది సత్యలక్ష్మి. "ఇంతసేపు ఉన్నావు, ఇంకో పావుగంట ఉండు."

అతను గోడకి చేరగిలబడ్డాడు. సుధ గడియారం వంక చూస్తూ కూర్చుంది. వంటింట్లో కుక్కర్ మూడోసారి కూసింది.

వీధిలో కారు హారన్ వినిపించింది.

"వచ్చారు," సత్యలక్ష్మి లేచింది.

గేటు తెరుచుకుంది, కారు పోర్టికోలోకి వచ్చింది, మళ్ళీ గేటు మూసుకుంది. హాలు గోడకి అవతలే పోర్టికో. ఇంజన్ గుర్రుమంటూనే ఉంది. కారు ఆపకుండా ఏసీలో కూర్చుని ఫోన్ మాట్లాడటం సుబ్రహ్మణ్యానికి అలవాటు.

సరిగ్గా అప్పుడే కన్సోల్ టింగుమంది.

తెర మీద వాక్యం మారింది. కనెక్ట్ అయింది.

"వచ్చేసింది!" సుధ రిమోట్ లాక్కుంది. "థాంక్సండీ!"

"నాకెందుకు మేడం? నేనింక ఏం ముట్టనే లే."

ఆమె వినలేదు. స్నేహితుల జాబితా తెరిచింది. అన్నయ్య పేరు. పక్కన పచ్చ చుక్క! రిమోట్‌తో ఒక్కో అక్షరం నొక్కుతూ, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టింది.

"అన్నయ్యా ఎక్కడున్నావ్. ఇవాళ ఐదుకి టైటిల్స్ లాక్. రాకపోతే నీ పేరు తీసేస్తారు."

పంపింది. వెళ్ళింది.

"మేడం," తిరుమలేశ్ గొంతు మారింది. "జర గిది చూడుండ్రి. ఏ పేరుకు కనెక్టయిందో."

తెర మీద, పైన మూల, చిన్న అక్షరాల్లో సత్యనిలయం. పాత పేరు. నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.

సుధకి ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తర్వాత వేళ్ళు వాటంతటవే కదిలాయి. "కన్సోల్ మన పాత పేరుకే కనెక్ట్ అవుతోంది. ఎప్పుడు పోతుందో తెలీదు. త్వరగా చెప్పు." పంపింది.

బయట ఇంజన్ ఆగింది. కారు డోరు పడింది.

తెర మీద గీతలు నాలుగూ మాయమయ్యాయి.

*

"ఎవరితను?"

సుబ్రహ్మణ్యం గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. కుడి చేతి వేళ్ళకి మూడు ఉంగరాలు. ఒకప్పుడు మూడు సినిమాలు తీశాడు. మూడోది ఎన్ని రోజులాడిందో ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. దానికిప్పుడు పద్నాలుగేళ్ళు. కొడుకు కనిపించకుండా పోయాక మిగిలిన డబ్బింగు, మిక్సింగు అన్నీ దగ్గరుండి ఆయనే చూసుకుంటున్నాడు.

"వైఫై అతను నాన్నా. కన్సోల్‌కి నెట్ రావట్లేదు. పాస్‌వర్డ్ చెప్పండి."

"ఇప్పుడు గేమ్స్ ఆడే టైమా ఇది?"

"అన్నయ్యకి మెసేజ్ పెట్టడానికి."

ఆయన చేతి గడియారం విప్పుతున్నవాడల్లా ఆగాడు. "గేమ్‌లోనా?"

"నిఖిల్ చూశాడట. ఆన్‌లైన్‌లో ఉన్నాడట. ఇప్పుడు నేనూ చూశాను."

"చూశావా?"

"పచ్చ చుక్క. నా కళ్ళతో."

సుబ్రహ్మణ్యం గడియారాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు. "ముందు అన్నం పెట్టు లక్ష్మీ. రెండుంబావుకి బయల్దేరాలి."

"ఏవండీ, పిల్లాడి గురించి చెబుతోంటే..."

"వింటున్నాను. తింటూ వింటాను."

తిరుమలేశ్ లేచి నిలబడ్డాడు. "సార్, ఒక్క డౌటు. మీ ఇంట్ల ఇంకో రూటర్ ఉందా?"

"లేదు. ఎందుకు?"

"పేరు మార్చినంక పాత పేరు ఉండొద్దు సార్. ఇప్పుడే రెండు నిమిషాలు కనవడ్డది. ఫుల్ సిగ్నల్. మళ్ళ మాయమైంది."

"పక్కింటివాళ్ళెవరో పెట్టుకుని ఉంటారు."

"పేరు పెట్టుకుంటరు సార్. పాస్‌వర్డ్ గూడ మీదే పెట్టుకుంటరా? రెండూ కలిస్తెనే ఈ డబ్బా కనెక్టయితది."

సుబ్రహ్మణ్యం కంచం ముందు కూర్చున్నాడు. "రేపు రావయ్యా. ఇవాళ మాకు పనులున్నాయి."

"వస్త సార్. కానీ కంప్లైంట్ క్లోజ్ చేయాల్నంటే మీ ఓటీపీ కావాలె. లేకుంటే మా సూపర్‌వైజర్ నా పానం తీస్తడు."

"తిన్నాక ఇస్తాను. కూర్చో."

తిరుమలేశ్ మళ్ళీ గోడ పక్కన కూర్చున్నాడు. సత్యలక్ష్మి వడ్డిస్తోంది. సుధ చాప మీద నుంచి లేవలేదు. పాత పాస్‌వర్డ్ అమ్మ పేరు, పక్కన పెళ్ళి సంవత్సరం. అది తెలిసినవాళ్ళు ప్రపంచంలో నలుగురే. ముగ్గురు ఈ గదిలోనే ఉన్నారు.

ఉన్నట్టుండి ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"డాంగిల్!"

"ఏంటే?"

"అన్నయ్య డాంగిల్ అమ్మా! అగ్గిపెట్టంత ఉంటుంది, తెల్లగా. యూఎస్‌బీలో గుచ్చితే వైఫై వస్తుంది. పోయినేడు అరకు షూటింగ్‌కి కన్సోల్ పట్టుకెళ్ళాడుగా, అప్పుడు కొన్నాడు. కన్సోల్ ఎక్కడా మళ్ళీ పాస్‌వర్డ్ అడక్కూడదని దానికీ, తన ఫోన్ హాట్‌స్పాట్‌కీ కూడా మన ఇంటి పేరే పెట్టుకున్నాడు. పాస్‌వర్డూ అదే. వెళ్ళేరోజు డాంగిల్ బ్యాగులో వేసుకోవడం నేను చూశాను!"

"అయితే?"

"దాని సిగ్నల్ పది పదిహేను గజాలు దాటదు. కదండీ?"

తిరుమలేశ్ తలూపాడు. "మస్తంటే ఇరవై."

సత్యలక్ష్మి చారు పోస్తున్నదల్లా ఆగింది. "అంటే నా బిడ్డ... ఇక్కడే ఉన్నాడా?"

ఎవరూ జవాబు చెప్పేలోగా ఆమె గరిటె గిన్నెలో పడేసి బయటికి పరుగెత్తింది. కాళ్ళకి చెప్పుల్లేవు.

"అమ్మా, ఎండ!"

సుధ వెంట వెళ్ళింది. మధ్యాహ్నం రోడ్డు పెనంలా ఉంది. సత్యలక్ష్మి ఎదురింటి గోడ వెనక చూసింది. కడుతున్న ఇంటి ఇసుక కుప్ప అవతల చూసింది. మలుపు దగ్గర ఆగిన వ్యానిటీ వ్యాన్ తలుపు తట్టింది. లోపల్నుంచి మేకప్ సగం వేసుకున్న ఒకతను తల బయటపెట్టాడు.

"శ్రీనూ! నేనురా, అమ్మని! నాన్న ఏమీ అనరు, రారా!"

బాల్కనీల్లో తలలు కనిపించాయి. వాచ్‌మన్ ఒకడు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"అమ్మా, పద. కాళ్ళు కాలుతున్నాయి నీకు."

"ఇక్కడిదాకా వచ్చినవాడు లోపలికి ఎందుకు రాలేదే? అంత పగా? నేనేం చేశానని?"

సుధ తల్లిని నీడలోకి లాగింది. ఇక్కడిదాకా వచ్చి, రెండు నిమిషాలు సిగ్నల్ ఇచ్చి, మాయమవడమేంటి? అదీ సరిగ్గా నాన్న వచ్చిన టైంకి?

తల్లిని పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చేసరికి సుబ్రహ్మణ్యం మజ్జిగన్నంలోకి వచ్చాడు. తల ఎత్తలేదు.

"మీరు వెతకరేంటండీ?" సత్యలక్ష్మి కంచం ముందుకొచ్చి నిలబడింది. "మీకు కొడుకు కాడా?"

"వీధిలో నిలబడి కేకలేస్తే వస్తాడా?"

"పోలీసులకి చెబుదామంటే వద్దన్నారు. పేపర్లో వేయిద్దామంటే వద్దన్నారు. పది రోజులై డ్రైవర్‌ని కూడా సెలవు మీద పంపేసి మీరొక్కరే తిరుగుతున్నారు. ఎక్కడికెళుతున్నారో చెప్పరు. నాకేమీ తెలియడం లేదు. మీరు వెతుకుతున్నారా, లేదా?"

"వాడి పనే చేస్తున్నాను. వాడి సినిమానే పూర్తి చేస్తున్నాను. అది కనిపించదు నీకు."

"సినిమా వద్దు నాకు. పిల్లాడు కావాలి."

ఆయన కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. మాట్లాడలేదు. ఆ మౌనం సుధకి కొత్తగా అనిపించింది. కోపం వస్తే నాన్న అరుస్తాడు. ఇలా గోడలా ఉండడు.

రెండుంబావు. ఆయన గడియారం పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

"సార్, ఓటీపీ..." అన్నాడు తిరుమలేశ్.

తలుపు దగ్గరకి వేసిన చప్పుడే జవాబు.

*

ఎండలో నిలబడ్డ కారు. ఏసీ వేసి చల్లబడేదాకా కదపడు ఆయన. ఇంజన్ స్టార్ట్ అయింది.

సుధ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. ఇంకా రెండు ముప్పావు గంటలు. ఎక్కడని వెతకాలి? ఎవర్ని అడగాలి?

టింగ్.

ఆమె తలెత్తింది.

కనెక్ట్ అయింది. సత్యనిలయం. నాలుగు గీతలు.

"మేడం," తిరుమలేశ్ చాలా నెమ్మదిగా అన్నాడు, "నేను చెప్పొచ్చో లేదో. ఇందాక సార్ బండి వచ్చినప్పుడే వచ్చింది. ఇంజన్ బందయితే పోయింది. ఇప్పుడు ఇంజన్ స్టార్టు కాంగనే..."

సుధ తెర వంక చూసింది. కిటికీ వంక చూసింది. కిటికీలోంచి కారు బానెట్, దాని కింద మెరుస్తున్న కొత్త నంబరు ప్లేటు. అంకెలన్నీ కలిపితే తొమ్మిది.

ఆమె లేచి పరుగెత్తింది.

"నాన్నా, ఆగండి!"

కారు ఇంకా కదల్లేదు. సుబ్రహ్మణ్యం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సుధ పక్క సీటు తలుపు లాగి లోపలికి దూకింది. ఏసీ మీటల కింద, చీకటి సందులో, ఛార్జర్ గుచ్చే చోట అగ్గిపెట్టంత తెల్లటి వస్తువు. దాని మీద పచ్చ లైటు. దాని వీపున అన్నయ్య స్కెచ్ పెన్నుతో రాసుకున్న రెండు అక్షరాలు. ఎస్. ఎస్. అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

ఆయన డాంగిల్ వంక చూశాడు. అదేమిటో ఇప్పుడే తెలిసినట్టు చూశాడు.

"ఛార్జింగ్ పెట్టుకున్నాడు," అన్నాడు. "తీయడం మర్చిపోయినట్టున్నాడు."

"ఎప్పుడు?"

ఆయన ఏసీ మీట తిప్పాడు.

"ఎప్పుడు నాన్నా? అన్నయ్య ఈ కారు ఎప్పుడెక్కాడు?"

లోపల్నుంచి సత్యలక్ష్మి గొంతు. "సుధా! ఏదో వచ్చిందే! వాడి పేరుంది!"

"చదువమ్మా! గట్టిగా చదువు!"

"ఇంగ్లిష్ అక్షరాలే..."

"కూడబలుక్కుని చదువు! అమ్మా, త్వరగా!"

సత్యలక్ష్మి చదువుతోంది. ఒక్కో మాటా గోడ దాటి పోర్టికోలోకి వస్తోంది.

"ఐదుకా? నాన్న... బుధవారం అన్నారు. అప్పటిదాకా... బయట కనపడకు... ఫోన్ తీయకు అన్నారు. ప్రొడ్యూసర్... కేసు పెడతాడని. కాగితం మీద సంతకం... పెట్టానుగా. పేరులో... ఒక్క అక్షరం కలపడానికని ఇచ్చారు. పోనీలే, ఆయన సంతోషం... అని పెట్టేశా. ఇంకేం... తీసేస్తారు?"

గొంతు ఆగిపోయింది.

సుధ తండ్రి మొహంలోకి చూసింది. చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం అంచు కనిపిస్తోంది. ఆయన అరచెయ్యి దాని మీదికి వెళ్ళింది. తెలియకుండానే వెళ్ళింది.

"అందులో ఏముంది?"

"అక్షరమే." ఆయన జేబు మీంచి చెయ్యి తీయలేదు. "మొదట అక్షరమే అనుకున్నానే, సుధా. నిజంగా."

"తర్వాత?"

"రఘునందన్ అన్నాడు... మిగతా సినిమా అంతా మీరే చూసుకుంటున్నారుగా, మీ పేరే వేసేస్తే పోలా అని. నవ్వుతూనే అన్నాడు. ఆ మాట విన్నాక నేను ఆ కాగితాన్ని..." ఆయన ఆగాడు. "పద్నాలుగేళ్ళయిందే నా పేరు తెర మీద పడి. ప్రివ్యూ థియేటర్ బయట నిలబడితే వాచ్‌మన్ కూడా ఎవరు కావాలి సార్ అని అడుగుతాడు."

"అందుకని అన్నయ్య పేరు తీసుకున్నారు."

"వాడికి వయసుంది. ఇంకో సినిమా వస్తుంది."

"అమ్మ ఇందాక చెప్పుల్లేకుండా వీధిలో తిరిగింది. మీరు మజ్జిగ పోసుకున్నారు."

సుబ్రహ్మణ్యం కళ్ళు మూసుకున్నాడు.

పేరు మార్చకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇంటి వైఫైకీ డాంగిల్‌కీ ఒకే పేరు ఉండేది. ఏది ఏదో కన్సోల్‌కి కూడా తెలిసేది కాదు. ఆయన కలిపిన మూడు అక్షరాలే ఆయన్ని పట్టించాయి. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తట్టినట్టుంది. పెదవి చివర నవ్వులాంటిదేదో వచ్చి పోయింది.

"ఎక్కడున్నాడు? కృష్ణానగర్‌లోనా? యూసుఫ్‌గూడలోనా? చెప్పండి, నేనెళ్ళి తీసుకొస్తా. ఇంకా టైముంది."

"సుధా, దిగు."

"దిగను. ఇంజన్ ఆపకండి. మళ్ళీ అడుగుతాను అన్నయ్యని. తనే చెబుతాడు అడ్రస్. అమ్మా! ఎక్కడున్నావని అడుగు! తిరుమలేశ్ గారూ, అమ్మకి కొట్టి పెట్టండి!"

"కొడుతున్న మేడం!"

సుబ్రహ్మణ్యం చెయ్యి స్టీరింగ్ మీంచి జారింది. స్టార్ట్ బటన్ మీద వేలు నిలబడింది.

"నాన్నా, వద్దు. ఒక్క నిమిషం."

"ఐదింటిదాకా," అన్నాడాయన, బతిమాలుతున్నట్టు. "ఐదింటిదాకా ఆగు చాలు. ఆ తర్వాత నువ్వేమన్నా పడతాను."

నొక్కాడు.

ఇంజన్ ఆగింది. ఏసీ హోరు ఆగింది. డాంగిల్ మీద పచ్చ లైటు ఒకసారి ఎర్రగా మారి ఆరిపోయింది.

సుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడ్రస్ రాలేదు. ఇక రాదు.

అప్పుడు హాల్లోంచి తిరుమలేశ్ కేక.

"మేడం! బంద్ కాలే!"

"ఏంటి?"

"కనెక్షన్ మేడం! ఒక్కసారి పోయి మళ్ళ వచ్చింది! పాత పేరే! ఫుల్లున్నది!"

సుధ డాంగిల్ వంక చూసింది. లైటు లేదు. పీకి చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. అంతే, ప్రాణం లేదు.

పాత పేరున్నది రెండింటికే. ఒకటి తన అరచేతిలో చచ్చిపడి ఉంది.

రెండోది అన్నయ్య ఫోన్. పదకొండు రోజులుగా స్విచాఫ్‌లో ఉన్న ఫోన్.

కన్సోల్ మన పాత పేరుకే కనెక్ట్ అవుతోంది అని తను పంపి నలభై నిమిషాలయింది. కృష్ణానగర్ నుంచైనా, ఇంకెక్కణ్ణుంచైనా ఆటోలో రావడానికి చాలినంత టైం.

సుబ్రహ్మణ్యం వెనక్కి తిరగలేదు. తిరగడానికి మెడ రానట్టు, అద్దంలోకి చూశాడు.

అద్దంలో గేటు. గేటుకి అవతలి నుంచి ఎవరిదో చెయ్యి లోపలికొచ్చి, గొళ్ళెం పైకెత్తుతోంది.